చేపకు కొలత: అమెరికా సరస్సుల్లో బాస్ పరిరక్షణ చరిత్ర

పట్టిన చేప ఫలానా పొడవుకు తక్కువైతే దానిని ప్రాణంతో తిరిగి నీటిలో వదలాలన్న నియమం ఐరోపాలో శతాబ్దాల నాటిది. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి పాలన తొలి ఏట, అంటే 1558-59లో వెలువడిన ఒక శాసనం సాల్మన్‌కు 16 అంగుళాలు, బార్బెల్‌కు 12, పైక్‌కు 10, ట్రౌట్‌కు 8 అంగుళాలు కనీస పొడవుగా నిర్ణయించి, అంతకన్నా చిన్నవాటిని పట్టడాన్ని నేరం చేసింది. ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే చేపను చంపితే దాని సంతతి అక్కడితో ఆగిపోతుందని, కాబట్టి పిల్లను కాపాడితే నది తనంతట తాను నిండుతుందని ఆనాటి పాలకులు భావించారు. వినగానే న్యాయంగా తోచే ఈ వాదాన్ని మూడున్నర శతాబ్దాల పాటు ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా సరస్సుల్లో, బాస్ అనే ఒకే రకం చేప విషయంలో, ఈ వాదం పరీక్షకు నిలిచి, కొంతకాలం తిరస్కరణకు గురై, మళ్ళీ ఆదరణ పొంది, చివరకు దాదాపు తలకిందులైంది. చేపల లెక్కలకూ మనుషుల అలవాట్లకూ ఉన్న ముడిని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మంచినీటి చేపల చరిత్రలో అరుదు.

బ్లాక్ బాస్ అని పిలిచే ఈ చేపల స్వస్థలం ఉత్తర అమెరికా తూర్పు భాగం. మిసిసిపీ పరీవాహక ప్రాంతం, మహా సరస్సులు, ఫ్లోరిడా వీటి పుట్టిళ్ళు. వీటిలో ప్రధానమైనవి రెండు: దవడ కొస కంటిని దాటి వెనక్కి సాగే పెద్దనోటి బాస్, అంత దూరం సాగని చిన్ననోటి బాస్. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు లాసెపెద్ 1802లో ఈ ప్రజాతికి మైక్రోప్టెరస్, అనగా చిన్న రెక్కది, అని పేరు పెట్టాడు. ఆయన చేతికి అందిన నమూనాలో వీపు రెక్క చివరి భాగం తెగి విడిపోయి ఉండడం వల్ల అది వేరొక బుల్లి రెక్కలా కనిపించిందని తరువాతి వారు గుర్తించినా, పెట్టిన పేరు మాత్రం మారలేదు. తెలుగు పాఠకులకు దగ్గరి పోలిక కావాలంటే కొర్రమీనును తలచుకోవచ్చు. రెండూ మాటువేసి ఇతర చేపలను మింగేవే, రెండూ తమ పిల్లలకు కాపలా కాసేవే. అయితే బాస్‌లో ఆ కాపలా పూర్తిగా తండ్రి బాధ్యత. వసంతంలో నీరు వెచ్చబడగానే మగ చేప గట్టు దగ్గరి లోతు తక్కువ నీటిలో తోకతో మట్టిని ఊడ్చి పళ్ళెం లాంటి గుంట చేస్తుంది, ఆడ చేప అందులో గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, పిల్లలు గుంపు విడిచి చెదిరే దాకా మగ చేప అక్కడే ఉండి దగ్గరకు వచ్చిన ప్రతి ప్రాణినీ తరుముతుంది. ఆ కోపమే దానికి చేటు కూడా. ఆకలి లేకపోయినా గూటి మీదికి వచ్చిన ఎర మీద పడుతుంది, గాలానికి చిక్కుతుంది.

ఈ చేప తన పుట్టింటి సరిహద్దులు దాటడంలో రైలు పాత్ర చెప్పుకోదగ్గది. 1854లో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు మార్గం మీద, ఇంజను వెనుక నీటి తొట్టిలో వేలాడదీసిన చిల్లుల పాత్రలో, కొద్దిపాటి చిన్ననోటి బాస్‌లను ఆలిగెనీ పర్వతాలు దాటించి పొటోమాక్ నది పరీవాహకంలో వదిలారు. అవి అక్కడ కొన్నేళ్ళలోనే నది పొడవునా వ్యాపించాయి. 1871లో ఏర్పడిన అమెరికా చేపల కమిషన్, దాని అడుగుజాడల్లో నడిచిన రాష్ట్రాల కమిషన్లు ఈ చేపను దేశమంతటా నాటాయి. 1881లో జేమ్స్ హెన్‌షాల్ అనే వైద్యుడు బ్లాక్ బాస్ మీద ఒక సంపూర్ణ గ్రంథమే ప్రచురించి, అప్పటి వరకు ట్రౌట్‌కు మాత్రమే దక్కిన గౌరవాన్ని దీనికీ సంపాదించి పెట్టాడు. అయితే అప్పటికే బాస్ సంతలో సరుకు. పీపాల్లో మంచు నింపి నగరాలకు పంపే వ్యాపారం జోరుగా సాగుతుండడంతో, ఒక రాష్ట్రం వేటను కట్టడి చేసినా దొంగసరుకు పక్క రాష్ట్రంలో చట్టబద్ధంగా అమ్ముడయ్యేది. ఈ లొసుగును మూయడానికి 1926లో కేంద్ర చట్టసభ బ్లాక్ బాస్ చట్టం చేసి, రాష్ట్ర చట్టానికి విరుద్ధంగా పట్టిన బాస్‌ను రాష్ట్రాల సరిహద్దులు దాటించడాన్ని నిషేధించింది. దీనితో రాష్ట్రాల సొంత నియమాలకు బలం వచ్చింది. గుడ్లు పెట్టే కాలంలో వేట నిషేధం, రోజుకు ఒక మనిషి ఉంచుకోదగిన చేపల సంఖ్య, కనీస పొడవు అనే మూడు కట్టుబాట్లు అప్పటి బాస్ సంరక్షణకు మూడు కాళ్ళ పీట అయ్యాయి. మూడింటి వెనుకా ఉన్నది ఎలిజబెత్ కాలం నాటి నమ్మకమే.

ఆ నమ్మకాన్ని కదిలించిన పరిశోధన 1930లలో రెండు చోట్ల మొదలైంది. అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్, ఇ. వి. స్మిత్‌లు పొలాల్లో తవ్విన చిన్న కుంటలను ప్రయోగశాలలుగా చేసుకుని, బాస్‌ను, దాని ఆహారమైన బ్లూగిల్‌ను కలిపి పెంచి, కుంటను పూర్తిగా ఎండగట్టి ప్రతి చేపనూ తూకం వేసేవారు. బ్లూగిల్ అంటే అరచేతి వెడల్పు దాకా పెరిగే గుండ్రని చేప. పురుగులను తిని బతుకుతుంది, విపరీతంగా సంతతిని పెంచుతుంది. స్వింగిల్ 1950లో ప్రచురించిన నివేదిక సమతుల్యత అన్న భావనకు రూపమిచ్చింది: ఆహారపు చేపల మొత్తం బరువు వేటాడే చేపల మొత్తం బరువుకు 3 నుంచి 6 రెట్లు ఉన్న కుంటలు ఏటా మంచి పంట ఇస్తాయని, ఆ నిష్పత్తి బాగా చెదిరిన కుంటలో చేపలెన్ని ఉన్నా పళ్ళెంలోకి వచ్చేవి ఉండవని ఆ నివేదిక తేల్చింది. అంతకు ముందు ఎన్ని చేపలు ఉన్నాయని మాత్రమే అడిగిన అధికారులు, ఏ పొడవువి ఎన్ని ఉన్నాయని అడగడం నేర్చుకున్నది ఇక్కడి నుంచే.

రెండో చోటు టెనసీ. 1933లో ఏర్పడిన టెనసీ లోయ ప్రాధికార సంస్థ నిర్మించిన నోరిస్ ఆనకట్ట 1936లో పూర్తయి, కొండల నడుమ విశాలమైన జలాశయం ఏర్పడింది. అక్కడ పనిచేసిన జీవశాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. ఎష్‌మేయర్ చేపలకు గుర్తులు వేసి వదిలి, పట్టుబడిన వాటిని లెక్కించి, గాలానికి చిక్కేది మొత్తంలో స్వల్ప భాగమేనని, మిగిలినవి ఎవరికీ అక్కరకు రాకుండా సహజంగానే చనిపోతున్నాయని చూపాడు. ఒక్క ఆడ బాస్ వేల గుడ్లు పెడుతుంది. వాటిలో ఎన్ని బతికి బట్టకడతాయన్నది నీటిమట్టం, వసంతపు వాతావరణం, దొరికే ఆహారం, తొలి శీతాకాలం మీద ఎక్కువగా ఆధారపడుతుంది తప్ప, తల్లి చేపల సంఖ్య మీద అంతగా ఆధారపడదు. అంటే కొన్ని తల్లులు మిగిలినా సరస్సు పిల్లలతో నిండవచ్చు, వేల తల్లులున్నా ఒక ఏడాది పంట పోవచ్చు. ఈ గ్రహింపుతో 1940లలో టెనసీ లోయ జలాశయాల్లో ఏడాది పొడవునా వేటకు అనుమతి లభించింది. పలు రాష్ట్రాలు కనీస పొడవు నియమాన్ని కూడా అనవసరపు ఆంక్షగా భావించి వదిలేశాయి. శాస్త్రం ఒక పాత నమ్మకాన్ని సరిదిద్దిన సందర్భంగా ఆనాటి వారు దీనిని గర్వంగా చెప్పుకున్నారు. పెద్ద జలాశయాల వరకు వారి మాటలో తప్పు లేదు.

తప్పు చిన్న సరస్సుల్లో బయటపడింది. యుద్ధానంతరం మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో పదుల ఎకరాల నుంచి కొన్ని వందల ఎకరాల దాకా విస్తీర్ణం గల ప్రజా సరస్సులు విరివిగా వచ్చాయి. కొత్త సరస్సులో చేప పిల్లలను వదిలి, రెండు మూడేళ్ళు పెంచి, ఒక శుభదినాన వేటకు తెరిచేవారు. ఆ మొదటి కొద్ది రోజుల్లోనే అక్కడి బాస్‌లలో పెద్ద భాగం ఖాళీ అయ్యేదని మిస్సోరీ తదితర రాష్ట్రాల అధికారులు గుర్తించారు. గాలం ఎరుగని బాస్ అంత తేలికగా చిక్కుతుంది. వేటాడే చేప పోగానే బ్లూగిల్ పిల్లలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి, ఉన్న ఆహారాన్ని అన్నీ కలిసి పంచుకుని, ఏదీ వేలెడు పొడవు మించక గిడసబారిపోయేవి. పైగా ఆ గుంపులు బాస్ గూళ్ళ మీద పడి గుడ్లు తినేయడంతో సరస్సు తిరిగి కోలుకునే దారి కూడా మూసుకుపోయేది. 1974లో అమెరికా మత్స్యశాస్త్ర సంఘం ఉత్తర మధ్య విభాగం చిన్న సరస్సుల్లో బాస్ అతివేట మీద ఒక సదస్సు పత్రాల సంపుటాన్నే ప్రచురించిందంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది. అలా 12 అంగుళాల కనీస పొడవు నియమం తిరిగి వచ్చింది, కాని ఈసారి కారణం వేరు. గుడ్లు పెట్టించడం కాదు, బ్లూగిల్‌ను అదుపులో ఉంచే కాపలాదారులను నీటిలో నిలపడం దాని లక్ష్యం. ఒకే నియమం, పూర్తిగా భిన్నమైన తర్కం; ఈ తేడాను గమనించకపోతే ఆ తరువాతి చరిత్ర అంతుపట్టదు.

కనీస పొడవు నియమం అతివేటను ఆపింది, సందేహం లేదు. అయితే కొన్నేళ్ళకు పలు సరస్సుల్లో మరొక విచిత్రం కనిపించింది. గాలానికి చేప వెంట చేప తగులుతుంది, కాని అన్నీ 10, 11 అంగుళాల దగ్గరే ఆగిపోయి ఉంటాయి. అలాంటి చేపను చేతిలోకి తీసుకుంటే తల శరీరానికి మించి పెద్దదిగా, పొట్ట లోపలికి అంటుకుపోయి, వీపు కత్తి అంచులా సన్నగా ఉంటుంది. దాని పొలుసును భూతద్దం కింద పెట్టి, చెట్టు మానులో వలయాల్లా ఏటేటా ఏర్పడే గీతలను లెక్కిస్తే, దక్షిణాది సరస్సులో రెండు మూడేళ్ళకే 12 అంగుళాలు దాటవలసిన చేప అయిదారేళ్ళు వచ్చినా అక్కడికి చేరలేదని తెలుస్తుంది. కారణం సులభం. ఒక ఎకరం నీరు ఇంత బరువు చేపను మాత్రమే పోషించగలదు. ఆ బరువు కొద్ది పెద్ద చేపలుగా ఉండాలా, ఎన్నో బక్క చేపలుగా ఉండాలా అన్నది పంచుకునే నోళ్ళ సంఖ్యను బట్టి ఉంటుంది. ఏటా పిల్లలు దండిగా పుట్టే సరస్సులో 12 అంగుళాల గీత ఒక గోడలా నిలిచి, దాని ఇవతల చేపలను కుప్పపోసింది. గీత దాటిన ప్రతి చేపా ఆ వారంలోనే ఎవరి బుట్టలోకో చేరింది.

ఈ రెండు రోగాలను ముందే పసిగట్టే సాధనాన్ని మిస్సోరీ విశ్వవిద్యాలయం నుంచి పనిచేసిన రిచర్డ్ ఆండర్సన్ 1970లలో అందించాడు. పెద్దనోటి బాస్‌లో 8 అంగుళాలు దాటినవాటిని నిల్వ చేపలని, 12 అంగుళాలు దాటినవాటిని నాణ్యమైన చేపలని పేర్కొని, మొదటి వర్గంలోని ప్రతి వందకు రెండో వర్గంలోవి ఎన్ని ఉన్నాయో చెప్పే సంఖ్యను ఆయన సూచికగా ప్రతిపాదించాడు. ఒక సాయంత్రం పడవ మీద తిరిగి, నీటిలోకి స్వల్ప విద్యుత్తు ప్రసరింపజేసి తేలిన చేపలను తొట్టిలో వేసుకుని కొలిస్తే, 8 అంగుళాలు దాటినవి వంద దొరికి, వాటిలో 50 చేపలు 12 దాటి ఉంటే సరస్సు ఆరోగ్యంగా ఉన్నట్టు. సుమారు 40 నుంచి 60 దాకా ఆమోదయోగ్యం. పది మాత్రమే దాటితే చిన్న బాస్‌లు కిక్కిరిసి ఉన్నట్టు. తొంభై దాటితే కొత్త తరం పుట్టడం లేదా బతకడం లేదన్నట్టు. నీటిని తోడకుండా, చేపలను చంపకుండా సరస్సు నాడి పట్టుకోవడం దీనితో సాధ్యమైంది. స్వింగిల్ కుంటను ఎండగట్టి తెలుసుకున్నదాన్ని ఆండర్సన్ ఒక కొలబద్దతో తెలుసుకున్నాడని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ సంఖ్య చెప్పిన మాట నుంచే స్లాట్ పరిమితి పుట్టింది. స్లాట్ అంటే మధ్యలోని అర. ఈ విధానంలో రెండు కొలతల నడుమ ఉన్న చేపలన్నీ రక్షితాలు, వాటికన్నా చిన్నవీ పెద్దవీ పట్టుకోవచ్చు. మిస్సోరీలో ఆ అర 12 నుంచి 15 అంగుళాలుగా మొదలైంది. 12 లోపు చేపలను జనం ఇంటికి తీసుకుపోయి వండుకుంటే గుంపు పలుచబడి మిగిలినవాటికి తిండి పెరుగుతుంది. అవి వేగంగా పెరిగి రక్షిత అరలోకి చేరుతాయి. అక్కడ కొన్నేళ్ళు భద్రంగా ఉండి బ్లూగిల్‌ను అదుపులో ఉంచుతాయి. చివరకు 15 దాటి పెద్ద చేపలవుతాయి. నాలుగు శతాబ్దాల పాటు పిల్లను తాకవద్దన్న చట్టం, ఇప్పుడు పిల్లనే తీసుకుపొమ్మని, నడివయసు దానిని వదలమని చెప్పింది. ఆలోచనలో ఇది ఎంత పెద్ద మలుపో, దానిని జనానికి ఒప్పించడం అంత కష్టమైంది. రెండు విధానాల అనుభవాలనూ పోల్చి 1997లో జీన్ వైల్డ్ ప్రచురించిన సమీక్ష, కనీస పొడవు నియమం గాలానికి తగిలే చేపల సంఖ్యను పెంచిందే గాని పెద్ద చేపల నిష్పత్తిని పెంచలేదని, ఆ నిష్పత్తిని మార్చే శక్తి స్లాట్ పరిమితికే కనిపించిందని తేల్చింది.

టెక్సాస్ రాష్ట్రం దీనిని మరింత దూరం తీసుకుపోయింది. 1986లో రాష్ట్రమంతటా 14 అంగుళాల కనీస పొడవు, రోజుకు 5 చేపల పరిమితి విధించిన టెక్సాస్, 1980లో కట్టిన లేక్ ఫోర్క్ అనే జలాశయాన్ని మాత్రం ప్రత్యేకంగా చూసింది. సుమారు 27,000 ఎకరాల ఆ నీటిలో, తొందరగా భారీ పరిమాణానికి పెరిగే ఫ్లోరిడా రకం బాస్‌ను వదిలి, వేట మీద గట్టి ఆంక్షలు పెట్టింది. 1986 నవంబరులో అక్కడ 17.67 పౌండ్ల చేప, 1992 జనవరిలో 18.18 పౌండ్ల చేప పట్టుబడ్డాయి. రెండోది ఇప్పటికీ టెక్సాస్ రికార్డు. అక్కడ పలుమార్లు మారుతూ వచ్చిన రక్షిత అర 16 నుంచి 24 అంగుళాల దగ్గర స్థిరపడింది. 24 అంగుళాలు దాటినవి రోజుకు ఒక్కటి మాత్రమే. అంతటి చేపలు దాదాపు అన్నీ ఆడవే, ఎన్నో ఏళ్ళ వయసువే కాబట్టి, ఒకటి పోతే దాని స్థానం నిండడానికి మళ్ళీ అన్నేళ్ళు పడుతుంది. ఇక్కడ చట్టం ఉద్దేశించినది కూర కాదు, అరుదైన భారీ చేప దొరికే అవకాశం. కొందరు కుంటల యజమానులు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, కావాలనే బాస్‌లను కిక్కిరియనిచ్చి, అవి బ్లూగిల్ పిల్లలను తినేయగా మిగిలిన కొద్ది బ్లూగిల్‌లను పెద్దవిగా పెంచుకుంటారు. కాబట్టి సరైన పొడవు పరిమితి అంటూ ఒకటి లేదు. ఆ నీటి నుంచి మనిషి కోరేది ఏమిటో తేలాకే అంగుళాలు తేలుతాయి.

శాస్త్రం ఇలా పదును దేరుతుండగా గట్టు మీద మనుషులు మారిపోయారు. 1967లో ఆర్కాన్సాలోని బీవర్ లేక్ మీద పెద్ద బాస్ పోటీ నిర్వహించి, ఆ వెంటనే బాస్ వేటగాళ్ళ సంఘాన్ని స్థాపించిన రే స్కాట్, 1972 నుంచి పట్టిన చేపను చంపకుండా తూచి వదిలే పద్ధతిని పోటీల్లో ప్రవేశపెట్టాడు. పడవల్లో గాలి ఆడే నీటి తొట్టెలు వచ్చాయి, పోటీల్లో మొదలైన అలవాటు మామూలు వేటగాళ్ళకు పాకింది, కొన్నేళ్ళలో బాస్‌ను ఇంటికి తీసుకుపోవడం చాలామందికి తప్పుగా తోచసాగింది. మైక్ అలెన్ బృందం 2008లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, 1990 తరువాతి కాలంలో వేట వల్ల చనిపోయే పెద్దనోటి బాస్‌ల నిష్పత్తి అంతకు ముందు కాలంతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. దీని పర్యవసానం చట్టం చేసినవారు ఊహించనిది. 12 అంగుళాల లోపువాటిని తీసుకుపొమ్మన్నా ఎవరూ తీసుకుపోకపోతే స్లాట్ పరిమితి కాగితం మీది గీతగా మిగులుతుంది. గుంపు పలుచబడదు, చేపలు బక్కగానే ఉండిపోతాయి. చేప మీద ప్రేమతో వదిలిన ప్రతి చిన్న చేపా మిగిలినవాటి ముద్దలో వాటా అడుగుతుందన్న సంగతి, వదలడమే పుణ్యమని నమ్మినవారికి చెప్పడం మత్స్యశాఖలకు ఇప్పటికీ కష్టమైన పనే.

అదే చేప విషయంలో జపాను చట్టం ఎదురు దారిలో నడిచింది. 1925లో ఆషి సరస్సులోకి తెచ్చిన పెద్దనోటి బాస్ క్రమంగా దేశమంతా పాకి స్థానిక చేపలను తినేస్తుండడంతో, 2005లో అమలులోకి వచ్చిన పరాయి జాతుల చట్టం దానిని ప్రాణంతో తరలించడాన్నీ పెంచడాన్నీ నిషేధించింది. బివా సరస్సున్న షిగా ప్రాంతంలో పట్టిన బాస్‌ను తిరిగి నీటిలో వదలడమే నిషిద్ధం. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప నెలకొల్పిన ప్రపంచ రికార్డును 2009లో మనాబు కురిటా సమం చేసింది ఆ బివా సరస్సులోనే.

భారతదేశంలో, తెలుగు నేలతో సహా, చిన్న చేపలను కాపాడే సమస్యకు వేరే కొలబద్ద వాడుకలోకి వచ్చింది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి మత్స్యశాస్త్రజ్ఞుడిగా ఎదిగిన ఫ్రాన్సిస్ డే, 1873లో భారత, బర్మా మంచినీటి చేపల మీద సమర్పించిన నివేదికలో చేప పిల్లల విధ్వంసాన్ని వివరించి వల కన్ను పరిమాణాన్ని నియంత్రించమని కోరాడు. 1897 నాటి భారత మత్స్య చట్టం పేలుడు పదార్థాలనూ విషాన్నీ నిషేధించి, వలల రకాన్నీ కన్నునూ నియంత్రించే అధికారాన్ని స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. గాలంతో పట్టేవాడికి చేప ఒక్కొక్కటిగా, ప్రాణంతో చేతికి వస్తుంది కాబట్టి కొలిచి వదిలే నియమం అతనికి సరిపోతుంది. చెరువులో వల లాగే బెస్తవారికి చేపలు కుప్పగా వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా కొలిచే లోపే పిల్లలు చచ్చిపోతాయి. అక్కడ కొలవవలసింది వల కన్నే.

అమెరికా గట్ల మీద చేప కొలత ఇప్పటికీ చేతితోనే సాగుతుంది. ఒక కొసన నిలువు అడ్డు ఉన్న పలకను తడిపి, చేప మూసిన నోటిని ఆ అడ్డుకు ఆనించి, తోక రెండు కొసలను దగ్గరకు నొక్కి, ఎక్కువ పొడవు వచ్చిన చోట అంగుళం గీతను చదువుతారు. పలక పొడిగా ఉంటే చేప ఒంటి మీది జిగురు పొర ఊడి జబ్బులకు దారి తీస్తుంది కాబట్టి తడపడం తప్పనిసరి. గీతకు పావు అంగుళం ఇటా అటా అన్నదే ఆ చేప బతుకును తేలుస్తుంది. ఆ గీత ఎక్కడ ఉండాలన్న చర్చలో ఫ్లోరిడా 2016 జులై 1న తన తీర్పు చెప్పింది: పెద్దనోటి బాస్‌కు కనీస పొడవు నియమాన్ని రాష్ట్ర స్థాయిలో పూర్తిగా తీసేసి, రోజుకు 5 చేపలను ఉంచుకోవచ్చునని, వాటిలో 16 అంగుళాలు లేదా అంతకు మించినది ఒక్కటి మాత్రమే ఉండవచ్చునని నిర్ణయించింది.